స్నేహితుడి గురించి రెండు నిమిషాలు: ఐఎల్టీఎస్ స్పీకింగ్‌లో తేలిక ప్రశ్న ఎందుకు ఇబ్బంది పెడుతుంది?

విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఎల్టీఎస్. అందులో మాట్లాడే భాగమైన స్పీకింగ్ కోసం ఫోన్‌లో రికార్డు చేసుకున్న నా మొదటి ప్రాక్టీసు ఇప్పటికీ గుర్తుంది. టాపిక్: మీకు చాలాకాలంగా తెలిసిన ఒక స్నేహితుడి గురించి చెప్పండి. చూడగానే హమ్మయ్య అనుకున్నాను. పర్యావరణం గురించో, మ్యూజియాల గురించో కాదు, ఫ్రెండ్ గురించే కదా! ఒకటిన్నర నిమిషం మాట్లాడి, తర్వాత విన్నాను. అందులో 'హెల్ప్‌ఫుల్' అయిదుసార్లు, 'వెరీ గుడ్ పర్సన్' మూడుసార్లు వచ్చాయి. పదేళ్ళుగా నాకు తెలిసిన మనిషి మాత్రం ఆ రికార్డింగులో ఎక్కడా లేడు. నేను చెప్పినవాడు ఎవరి ఫ్రెండైనా కావచ్చు.

ఐఎల్టీఎస్‌కి చదివేవాళ్ళ మధ్య స్నేహం ప్రశ్నల మీద ఎప్పుడూ ఏదో ఒక వాదన నడుస్తూనే ఉంటుంది. నిజమే చెప్పాలా, కల్పించవచ్చా? సామెతలు వేస్తే బ్యాండ్, అంటే ఈ పరీక్షలో వచ్చే స్కోరు, పెరుగుతుందా? ఫ్రెండ్స్ లేరని చెబితే మార్కులు పోతాయా? ఒక ట్రైనర్ అవునంటే ఇంకొకరు కాదంటారు. విచిత్రమేమిటంటే చాలాసార్లు ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది. ఎవరి మాటలో ఎంత అన్నది తేలాలంటే ముందు ఈ పరీక్ష దేన్ని కొలుస్తుందో చూడాలి.

మార్కులు స్నేహానికి కాదు, భాషకి

ఐఎల్టీఎస్ స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగానో, వీడియో కాల్‌లోనో ఒక ఎగ్జామినర్ ఉంటారు. సంభాషణ రికార్డవుతుంది. మార్కులు నాలుగు విషయాలకు, నాలుగింటికీ సమానంగా. మాట ఆగకుండా, ఒకదానికొకటి అతుక్కుంటూ సాగిందా అన్నది మొదటిది. పదాలు ఎన్ని తెలుసు, వాటిని సరైన చోట వాడారా అన్నది రెండోది. వాక్యాల్లో వైవిధ్యం, తప్పుల్లేకపోవడం మూడోది. ఉచ్చారణ నాలుగోది.

ఈ నాలుగింటిలో మీ ఫ్రెండ్ ఎంత మంచివాడు, మీ అభిప్రాయం ఎంత గొప్పది అన్నవి ఎక్కడా లేవు. 'నాకు స్నేహితులు పెద్దగా లేరు, ఒంటరిగా ఉండటమే ఇష్టం' అని చక్కటి ఇంగ్లీషులో చెప్పినవాళ్ళకు ఏ లోటూ రాదు. ఆ సంగతి చెప్పడానికి కూడా భాష కావాలి కదా.

కాబట్టి విషయం ఏదైనా పర్లేదు, భాష బాగుంటే చాలని చాలామంది చెబుతారు. సూత్రంగా అది నిజమే. ఆచరణలో ఒక మెలిక ఉంది. విషయం ఖాళీగా ఉంటే భాషకు చేయడానికి పని దొరకదు. 'హి ఈజ్ కైండ్, హి ఈజ్ హెల్ప్‌ఫుల్, హి ఈజ్ ఫన్నీ' అన్న మూడు వాక్యాల్లో తప్పు ఒక్కటీ లేదు. కానీ మూడింటికీ నిర్మాణం ఒక్కటే, కాలం ఒక్కటే, అందులోని పదాలు అయిదో తరగతివి. ఎగ్జామినర్‌కు ఇంతకన్నా మీకేం వచ్చో తెలిసే దారి లేదు. స్నేహం అనే టాపిక్ మనల్ని ఇలాంటి విశేషణాల వైపే తోస్తుంది. ఒక యంత్రం గురించో, ప్రయాణం గురించో అడిగితే ఏం జరిగిందో చెబుతాం. మనిషి గురించి అడిగితే సర్టిఫికెట్ ఇస్తాం. తేలికగా కనిపించే ఈ ప్రశ్నలో అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒకే టాపిక్, మూడు వేర్వేరు పనులు

స్పీకింగ్‌లో మూడు భాగాలుంటాయి. స్నేహం వీటిలో ఎక్కడైనా తగలవచ్చు, అయితే ఒక్కోచోట ఒక్కో రకం పని అడుగుతుంది.

మొదటి భాగం నాలుగైదు నిమిషాలు. మీ గురించి, మీ అలవాట్ల గురించి చిన్న చిన్న ప్రశ్నలు వస్తాయి. ఎగ్జామినర్ దగ్గర అవి రాసిపెట్టి ఉంటాయి, వాటినే చదువుతారు. రెండు మూడు వాక్యాలు చెప్పగానే తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతారు. 'మధ్యలో కట్ చేశారు, పోయినట్టే' అని బయటికొచ్చి బెంగపడేవాళ్ళు చాలామంది. అది టైమ్ లెక్క, అంతకుమించి ఏమీ లేదు.

'డు యూ హావ్ ఎ లాట్ ఆఫ్ ఫ్రెండ్స్?' అని అడిగారనుకోండి. ఒకరు 'యెస్, ఐ హావ్ మెనీ ఫ్రెండ్స్. దే ఆర్ వెరీ నైస్ అండ్ హెల్ప్‌ఫుల్' అంటారు. ఇంకొకరు ఇలా అంటారు: 'నాట్ రియల్లీ. ఐ నో లాట్స్ ఆఫ్ పీపుల్ త్రూ వర్క్, బట్ దేర్ ఆర్ ఓన్లీ టూ ఐడ్ రింగ్ ఎట్ మిడ్‌నైట్.' తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ అర్ధరాత్రి ఫోన్ చేయగలిగేది ఇద్దరికే అని. రెండో జవాబు మరీ పొడవేం కాదు. కఠినమైన పదం ఒక్కటి కూడా లేదు. కానీ అందులో పోలిక ఉంది, ఊహను చెప్పే 'ఐడ్' (ఐ వుడ్) ఉంది, ఒక వాక్యంలో ఇంకో వాక్యం ఇమిడి ఉంది. పైగా అది ఒక మనిషి మాట్లాడినట్టుంది.

రెండో భాగంలో ఒక కార్డు ఇస్తారు. టాపిక్, దాని కింద మూడు నాలుగు సూచనలు: ఎవరు, ఎలా పరిచయం, ఏం చేస్తుంటారు, ఎందుకు ఇష్టం. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిలు ఉంటాయి. తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మీరొక్కరే మాట్లాడాలి. మూడో భాగం మళ్ళీ నాలుగైదు నిమిషాల సంభాషణ. ఈసారి మీ ఫ్రెండ్‌ను పక్కనపెట్టి స్నేహం అనే విషయం మీదికి వెళతారు. చిక్కంతా ఈ చివరి రెంటిలోనే కాబట్టి వాటి దగ్గర కాస్త ఆగుదాం.

సగం నోట్‌బుక్కు: ఒక జవాబును విప్పి చూస్తే

నేను మళ్ళీ రికార్డు చేసుకున్నప్పుడు నా స్నేహితుడి గుణాలన్నీ వదిలేసి ఒక్క రాత్రి గురించి చెప్పాను. కాగితం మీద రాసుకున్నవి నాలుగే మాటలు: నోట్‌బుక్, గేటు, పిన్నులు, ఉదయం అయిదు. మధ్యభాగం ఇలా వచ్చింది.

'ద నైట్ బిఫోర్ అవర్ మాథ్స్ ఎగ్జామ్, ఐ రియలైజ్డ్ ఐడ్ లాస్ట్ మై నోట్‌బుక్. ఐ రాంగ్ హిమ్, మోర్ టు కంప్లెయిన్ దాన్ టు ఆస్క్ ఫర్ ఎనీథింగ్. హాఫ్ యాన్ అవర్ లేటర్ హి టర్న్‌డ్ అప్ ఎట్ ద గేట్ విత్ హిజ్ ఓన్, పుల్డ్ ద స్టేపుల్స్ అవుట్ అండ్ హ్యాండెడ్ మీ హాఫ్ ద పేజెస్. వుయ్ స్వాప్డ్ ఎట్ ఫైవ్ ఇన్ ద మార్నింగ్. ఐ హాడ్ ద సెకండ్ హాఫ్, సో ఐ హాడ్ టు స్టార్ట్ ద సిలబస్ ఫ్రమ్ ద ఎండ్.'

పరీక్ష ముందు రాత్రి నోట్‌బుక్ పోయింది. ఏడవడానికి ఫోన్ చేస్తే వాడు తన నోట్‌బుక్‌తో గేటు దగ్గరికి వచ్చి, అక్కడే పిన్నులు పీకి సగం పేజీలు చేతిలో పెట్టాడు. తెల్లారి అయిదింటికి ఒకరివి ఒకరం మార్చుకున్నాం. ఇంతే కథ. ఇందులో 'హెల్ప్‌ఫుల్' అన్న మాటే లేదు. అయినా వాడు ఎలాంటివాడో విన్నవాళ్ళకు తెలుస్తుంది.

భాష వైపు నుంచి చూస్తే, అప్పటికే జరిగిపోయిన పనికి 'ఐడ్ లాస్ట్' (ఐ హాడ్ లాస్ట్) వచ్చింది. వరుసగా జరిగిన పనులకు మామూలు భూతకాలం వచ్చింది. అనుకోకుండా రావడాన్ని చెప్పే 'టర్న్‌డ్ అప్' వచ్చింది. వీటిని నేను వెతికి పెట్టలేదు. కథకు అవసరమయ్యాయి, వచ్చాయి. జరిగిన సంగతి చెప్పేటప్పుడు ముందు, తర్వాత, అప్పటికే, ఇంతలో అన్నవి తప్పవు. వాటితోపాటే కాలాలూ మారతాయి. గుణాల జాబితాకు ఈ అవసరమే రాదు.

ఫ్లుయెన్సీకి కూడా ఇదే ఆసరా. విశేషణాలు చెప్పేవాళ్ళు ప్రతి వాక్యం తర్వాత 'ఇప్పుడింకేం చెప్పాలి' అని ఆగుతారు. సంఘటన చెప్పేవాళ్ళకు తర్వాత ఏం జరిగిందో తెలుసు. మాటకోసం తడుముకున్నా విషయంకోసం తడుముకోరు. వినేవాళ్ళకు ఈ రెండు తడబాట్లూ వేరువేరుగానే వినిపిస్తాయి.

దీనికి ఇంకో వైపూ ఉంది. కథలో మునిగిపోయి కార్డు మీదున్న మిగతా సూచనలు వదిలేసేవాళ్ళుంటారు. సూచన ఒకటి తప్పిందని నేరుగా మార్కు కోసేయరు. కానీ అడిగినదాన్ని వదిలి ఎటో వెళ్ళిపోతే మాటకు పొందిక పోతుంది, అది మొదటి కొలమానంలో కనిపిస్తుంది. రెండు నిమిషాలవగానే ఎగ్జామినర్ ఆపేస్తారు కాబట్టి కథ ముగియకపోతే నష్టమా అన్నది ఇంకో భయం. ముగియకపోయినా ఫర్వాలేదు. రెండు నిమిషాలు నిండా మాట్లాడారనే దానర్థం.

'పదేళ్ళ నుంచి' అన్న మాట తెచ్చే చిక్కు

స్నేహం గురించి చెప్పేటప్పుడు తెలుగువాళ్ళందరం దాదాపు ఒకేచోట జారతాం. 'వాడు నాకు పదేళ్ళ నుంచి తెలుసు' అన్నది మనసులో మొదలై నోట్లోంచి 'ఐ నో హిమ్ ఫ్రమ్ టెన్ ఇయర్స్' అని వస్తుంది. మన 'తెలుసు'కు కాలం మారదు. ఇవాళ తెలిసినా, పదేళ్ళుగా తెలిసినా 'తెలుసు'నే. 'నుంచి' ఒక్కటే ఇంగ్లీషులోని మూడు నాలుగు మాటల పని చేసేస్తుంది. ఇంగ్లీషులో అప్పుడు మొదలై ఇప్పటికీ ఉన్నదానికి వేరే రూపం ఉంది: 'ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్.' మొదలైన ఏడాది చెప్పాలంటే 'సిన్స్ 2015'. ఫ్రెండ్ గురించి మాట్లాడితే ఈ వాక్యం దాదాపు తప్పనిసరిగా వస్తుంది, అదీ జవాబు మొదట్లోనే. అందుకే ఇక్కడ దొర్లే తప్పు ఇట్టే చెవిన పడుతుంది.

ఇంకోటి 'తను'. తెలుగులో తను అంటే ఆడైనా మగైనా సరిపోతుంది. కర్త లేకుండా 'వచ్చింది, ఇచ్చింది, వెళ్ళిపోయింది' అన్నా ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషు ప్రతి వాక్యంలోనూ కర్తను అడుగుతుంది. టెన్షన్‌లో 'షి' అని మొదలుపెట్టిన స్నేహితురాలు మూడో వాక్యానికల్లా 'హి' అయిపోవడం అందుకే. వ్యాకరణం తెలియక జరిగేది కాదిది. రాసేటప్పుడు ఒక్కసారి కూడా చేయనివాళ్ళు మాట్లాడేటప్పుడు చేస్తారు.

సామెతలు వేయాలా వద్దా: రెండు వాదనలు

'ఎ ఫ్రెండ్ ఇన్ నీడ్ ఈజ్ ఎ ఫ్రెండ్ ఇన్‌డీడ్.' ఎగ్జామినర్లు ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు విని ఉంటారో!

సామెతలు, ఇడియమ్‌లు నేర్పే ట్రైనర్ల వాదనకు ఆధారం ఉంది. ఐఎల్టీఎస్ బయటపెట్టిన కొలమానంలో పదసంపదకు ఏడో బ్యాండ్ వర్ణనలో అంతగా వాడుకలో లేని పదాలు, ఇడియమాటిక్ పదాలు కొన్ని వాడగలగడం అన్న మాట నిజంగానే ఉంది. దాన్ని చూపించి, రోజుకు పది ఇడియమ్‌లు నేర్చుకోమంటారు. వద్దనేవాళ్ళు అదే కొలమానాన్ని చూపిస్తారు. పదం తన సందర్భానికి, శైలికి నప్పిందా అన్నది కూడా అక్కడే ఉంది కదా అంటారు. మామూలుగా సాగే మాటలో ఉన్నట్టుండి ఒక సామెత దూరితే అది బట్టీ పట్టినట్టే వినిపిస్తుంది. మనం మాత్రం ఫ్రెండ్ గురించి కబుర్లు చెబుతూ మధ్యలో సుమతీ శతకం పద్యం చదువుతామా?

నా దృష్టిలో గొడవంతా 'ఇడియమాటిక్' అన్న మాటను సామెత అనుకోవడం వల్ల వచ్చింది. ఆ భాషవాళ్ళు సహజంగా ఏ మాట పక్కన ఏ మాట పెడతారో అదీ ఇడియమాటిక్కే. స్నేహం విషయంలో ఇలాంటివి బోలెడు, అన్నీ చిన్న మాటలే. ఒకరితో పొసగడం 'గెట్ ఆన్ వెల్ విత్'. గొడవపడి మాటలు మానేయడం 'ఫాల్ అవుట్', మళ్ళీ కలిసిపోవడం 'మేక్ అప్'. చాన్నాళ్ళకు కలిసి కబుర్లన్నీ చెప్పుకోవడం 'క్యాచ్ అప్'. ఏ గొడవా లేకుండానే మెల్లమెల్లగా దూరమైపోవడం 'డ్రిఫ్ట్ అపార్ట్'. 'ఫాల్ అవుట్'కీ 'డ్రిఫ్ట్ అపార్ట్'కీ ఉన్న తేడా తెలిసి వాడినవాళ్ళు సామెతలు వల్లించినవాళ్ళకంటే ఎక్కువ భాష చూపించినట్టు. 'టచ్‌లో లేం' అని మనం రోజూ అనేదే అక్కడ 'లాస్ట్ టచ్'. సగం దూరం మనకు ముందే వచ్చేసింది.

మన దగ్గర బాగా చెల్లే 'థిక్ ఫ్రెండ్స్'తో మాత్రం జాగ్రత్త. వేరేచోట అది వింతగా వినిపించవచ్చు. బ్రిటన్ వాడుకలో మనిషిని 'థిక్' అంటే మందబుద్ధి అని.

నిజమా, కల్పనా, బట్టీయా

మీరు చెప్పిన ఫ్రెండ్ ఉన్నాడా లేడా అని ఎవరూ ఆరా తీయరు. కాబట్టి కల్పించవచ్చు అనేవాళ్ళది నిజమే. నిజమే చెప్పమనేవాళ్ళు చెప్పే కారణం నీతికి సంబంధించింది కాదు, శ్రమకు సంబంధించింది. అబద్ధం చెప్పేటప్పుడు మెదడు ఒకేసారి కథనూ అల్లాలి, వేరే భాషలో వాక్యాన్నీ అల్లాలి. నిజమైతే ఒక బరువు తగ్గుతుంది. నాకు ఈ మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది. కానీ నిజమే బరువైన సందర్భాలూ ఉంటాయి. చనిపోయిన స్నేహితుడి గురించి మొదలుపెట్టి గొంతు పూడుకుపోతే రెండు నిమిషాలు గడవడం కష్టం. అలాంటప్పుడు ఇంకొకరిని ఎంచుకోవడం, ఇద్దరి సంగతుల్ని కలిపి ఒకరిగా చెప్పడం చాలామంది చేసేదే.

బట్టీ కథ వేరు. 'ఈ సీజన్ టాపిక్‌లు' అంటూ జాబితాలు తిరుగుతుంటాయి, వాటికి రెడీమేడ్ జవాబులూ దొరుకుతాయి. బట్టీ జవాబు మొదట బాగానే పరిగెడుతుంది. అడుగడుగునా ఒకే వేగం, ఎక్కడా ఆలోచించిన జాడ ఉండదు. అది ముగిశాక ఎగ్జామినర్ 'డు యువర్ అదర్ ఫ్రెండ్స్ నో హిమ్?' లాంటి చిన్న ప్రశ్న వేస్తే అదే మనిషి ఆరు మాటలకు తడబడతారు. ఇద్దరు వేర్వేరు మనుషులు మాట్లాడినట్టుంటుంది. అయితే ఒకే స్నేహితుణ్ణి బాగా గుర్తు చేసుకుని ఉంచుకోవడం బట్టీ కిందికి రాదు. చిన్ననాటి ఫ్రెండ్, మీకు సాయం చేసినవాళ్ళు, మిమ్మల్ని నవ్వించినవాళ్ళు, చాన్నాళ్ళకు కలిసినవాళ్ళు అనే నాలుగు కార్డులకూ ఒక్క మనిషే సరిపోవచ్చు. వాక్యాలు మాత్రం అప్పటికప్పుడు పుట్టాలి.

'నా ఫ్రెండ్' నుంచి 'మనుషులు' దాకా

మూడో భాగంలో ప్రశ్న రూపం మారుతుంది. 'చిన్నపిల్లలతో పోలిస్తే పెద్దవాళ్ళకు కొత్త స్నేహాలు ఎందుకు కష్టం?' అని అడిగితే చాలామంది అలవాటు కొద్దీ 'బికాజ్ ఐ యామ్ వెరీ బిజీ. మై ఫ్రెండ్స్ ఆర్ ఆల్సో బిజీ' అంటారు. అడిగింది మనుషుల గురించి, చెప్పింది తన గురించి. 'ఇన్ జనరల్?' అని ఎగ్జామినర్ మళ్ళీ అడగడం చూసి జవాబు తప్పయిందేమో అని కంగారు పడతారు. తప్పేం లేదు, ఇంకా పైకి రమ్మని పిలుస్తున్నారంతే.

ఈ ప్రశ్నల్లో సరుకు చాలా ఉంది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి దాదాపు 50 గంటలు, స్నేహితులనదగ్గవాళ్ళు కావడానికి 90 గంటలు, దగ్గరివాళ్ళు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. బడి పిల్లలకు 200 గంటలు కొన్ని వారాల్లోనే నిండిపోతాయి. వారానికి ఒక గంట కలిసే పెద్దవాళ్ళకు నాలుగేళ్ళు పడుతుంది. రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త లెక్కలో మనిషి నిలబెట్టుకోగల సంబంధాలు సుమారు 150. అందులో బాగా దగ్గరివాళ్ళు అయిదుగురే, తర్వాతి వలయంలో 15, ఆపైన 50. ఆ 150 మీద ఇతర పరిశోధకులు అభ్యంతరాలూ చెప్పారు. అరిస్టాటిల్ అయితే ఎప్పుడో స్నేహాన్ని అవసరం కోసం, సరదా కోసం, గుణం చూసి అని మూడుగా విడదీశాడు.

పరీక్షలో ఈ పేర్లు, అంకెలు చెప్పాల్సిన పనిలేదు. చెబితే అదనపు మార్కులూ రావు. 'సమయం', 'రకాలు' అన్న రెండు ఆలోచనలు చేతిలో ఉంటే మాట ఇలా నడుస్తుంది: 'చిల్డ్రన్ ఆర్ త్రోన్ టుగెదర్ ఎవ్రీ డే, వెదర్ దే లైక్ ఇట్ ఆర్ నాట్. అడల్ట్స్ హావ్ టు అరేంజ్ ఇట్. దట్ సెడ్, సమ్ పీపుల్ మేక్ దేర్ క్లోసెస్ట్ ఫ్రెండ్స్ ఎట్ వర్క్, సో ఇట్ ప్రాబబ్లీ డిపెండ్స్ ఆన్ హౌ మచ్ టైమ్ దే స్పెండ్ సైడ్ బై సైడ్.' పిల్లలు ఇష్టమున్నా లేకున్నా రోజూ ఒకచోట ఉంటారు, పెద్దవాళ్ళు పనిగట్టుకుని కలవాలి అన్నది మొదటి మాట. 'దట్ సెడ్' దగ్గర వాదన కాస్త వెనక్కి తగ్గి, ఆఫీసు స్నేహాలను ఒప్పుకుంది. 'ప్రాబబ్లీ' దాన్ని ఖాయం చేయకుండా వదిలింది. సోషల్ మీడియా స్నేహాలను పాడుచేసిందా అన్నా, అభిప్రాయాలు కలవకపోతే స్నేహం నిలుస్తుందా అన్నా ఇదే నడక పనికొస్తుంది. ఎటువైపు మొగ్గినా ఎగ్జామినర్‌కు అభ్యంతరం లేదు.

క్లోజా, క్లోసా

'క్లోజ్ ఫ్రెండ్' అని మనం తెలుగులోనే వందసార్లు అంటాం. ఇంగ్లీషులో తలుపు మూసే 'క్లోజ్'కి చివర జ శబ్దం, దగ్గరి ఫ్రెండ్‌కి చివర స శబ్దం: 'క్లోస్ ఫ్రెండ్'. స్పెల్లింగు ఒక్కటే కావడంతో ఈ తేడా చాలామందికి ఎప్పటికీ తెలియదు. 'క్లోజ్' అన్నందుకు అర్థం కాకపోదు. ఉచ్చారణలో ముఖ్యంగా చూసేది మాట స్పష్టంగా అందిందా, నొక్కాల్సిన మాటను నొక్కారా, లయ ఉందా అన్నవి. యాస మీ సొంతదే అయినా ఇబ్బంది లేదు.

నొక్కడం ఎంత పని చేస్తుందో ఈ టాపిక్‌లోనే చూడవచ్చు. 'హి వజ్ మై ఫ్రెండ్' అన్న వాక్యంలో చివరి మాటను నొక్కితే వాడు నా స్నేహితుడు అని మామూలు సమాచారం. 'వజ్'ను నొక్కితే ఒకప్పుడు, ఇప్పుడు కాదు అని. 'మై'ని నొక్కితే నీకు కాదు, నాకు అని.